రేకు విన్న మాట

మా ఇంట్లో మొదట మాట్లాడింది కుక్కరు మూత.

ఆ ఉదయం మా ఆయన చిత్తరంజన్ వంటింట్లోంచి దాన్ని పట్టుకుపోతుంటే నేను పెద్దగా పట్టించుకోలేదు. లోహాల మీద పరిశోధన చేసి చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ గిన్నె కనబడినా గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకోవడం ఆయనకు మామూలే. అల్యూమినియం మూత కాబట్టి విమానం రేకుకి దగ్గర చుట్టమని తీసుకుపోయారట. కాసేపటికి పెరట్లోని షెడ్డులోంచి "విశాలా, ఒకసారి రా" అని కేక వినబడింది. మూత పాడుచేసి ఉంటారని తిట్టడానికి సిద్ధమయ్యే వెళ్లాను.

బల్ల మీద మూతని రెండు బిగింపుల మధ్య పెట్టి ఉంచారు. ఒక సన్నటి కడ్డీ దాని మీద చాలా నెమ్మదిగా జరుగుతోంది. స్పీకరులోంచి ముందు కుక్కరు విజిల్ వచ్చింది. దాని వెనకాలే ఒక ఆడగొంతు: "ఒరేయ్ కిరణ్, టిఫిన్ డబ్బా మర్చిపోయావు, వెనక్కి రారా!"

అది నా గొంతే. మావాడు నిక్కరు వేసుకుని బడికి వెళ్లే రోజులనాటి గొంతు. వాడిప్పుడు పుణేలో ఇద్దరు పిల్లల తండ్రి. అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"వణుకుతున్నప్పుడు లోహం వింటుంది," అన్నారాయన. "విజిల్ వేసేటప్పుడు మూత వణుకుతుంది కదా. ఆ కాసేపూ చుట్టుపక్కల చప్పుళ్లన్నీ దాని లోపల ముడతల్లా పడిపోతాయి. నేను వేడి చేసి ఆ ముడతలు విప్పుతున్నాను, అంతే. అయితే అన్ని చప్పుళ్లూ ఒకేసారి పట్టుకోలేను. బొంగురువో, మధ్యరకమో, కీచువో, ఏదో ఒక వరస ముందే ఎంచుకోవాలి. ఇవాళ కీచు వరస పెట్టాను. విజిలూ నువ్వూ ఒకే వరసలో దొరికారు."

ఇంకో రోజైతే ఆ మాటకి ఊరుకునేదాన్ని కాదు. "మళ్లీ వెయ్యండి," అన్నాను.

"రాదు. ముడత విప్పితే పోయినట్టే. మిగతా వరసలు కూడా దాంతోపాటే పోతాయి."

మూత తీసి నా చేతికిచ్చారు. పచ్చి అప్పడంలా రెండు పక్కలా వాలిపోయింది. మాట వదిలేసిన లోహం బలం కూడా వదిలేస్తుందట. దాన్ని పారేయబుద్ధి కాక చాలా రోజులు అటక మీద ఉంచాను.

ఆ యంత్రానికి ఆయన లోహశ్రుతి అని పేరు పెట్టారు. ఇంకెవరైనా అయితే దాన్ని తీసుకుని ఏ విశ్వవిద్యాలయానికో వెళ్లేవారు. మా ఆయన తిన్నగా రెక్కల మిత్రమండలికి వెళ్లారు.

ఆ మండలి గురించి చెప్పాలి. సికింద్రాబాదు చుట్టుపక్కల పాత యుద్ధవిమానాల పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి పెట్టుకున్న గుంపు అది. అధ్యక్షుడు లింగమూర్తి గారు బ్యాంకులో పనిచేసి దిగిపోయిన మనిషి. విమానం తోలడం మాట అటుంచి, స్కూటరు కూడా భయంభయంగా నడుపుతారు. కానీ కళ్లు మూసి రికార్డింగు వినిపిస్తే అది హంటర్ విమానమో, నాట్ విమానమో, మిగ్గో ఠక్కున చెప్పేస్తారు. ఇంకొకాయన సాయన్న. వైమానిక దళంలో ఇంజన్ల ఫిట్టరుగా చేసి అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వీళ్లు మాట్లాడుకునేటప్పుడు పక్కన కూర్చుంటే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఉంటుంది. ముక్కు ఎంత తీరుగా ఉందో, రెక్క ఎంత వెనక్కి వాలిందో, తోక దగ్గర నడుం ఎంత సన్నమో. మా అబ్బాయికి కిరణ్ అని పేరు పెడదామన్నప్పుడు సూర్యకిరణమని మురిసిపోయాను. అది శిక్షణ విమానం పేరని వాడి బారసాల నాడు లింగమూర్తి గారు అభినందిస్తే తెలిసింది.

వీళ్లందరూ కలిసి ఎప్పుడో తుక్కు కింద పోతున్న ఒక జెట్ యుద్ధవిమానాన్ని వేలంలో కొన్నారు. ఒకే మనిషి కూర్చునే చిన్న విమానం. యాప్రాల్‌లో రేకుల షెడ్డు వేసి దాన్ని అందులో నిలబెట్టి, కంటికి రెప్పలా చూసుకునేవారు. ఏటా అక్టోబరులో వైమానిక దళ దినోత్సవానికి ముందు ఊడదీయగలిగిన రేకులన్నీ ఊడదీసి, ఇంటికొకటి చొప్పున పంచుకుని మెరుగు పెట్టేవారు. ఎవరి వాటా వాళ్లకే, ఇంకొకరు ముట్టుకోకూడదు. మా వాటా ఎప్పుడూ ఎడమ రేకు. పైలట్ కూర్చుంటే సరిగ్గా అతని భుజం పక్కకి వచ్చే రేకు అది. బట్టచక్రం ఉన్న బఫింగ్ మోటారు పెట్టి మా ఆయన దాన్ని అద్దంలా చేసేవారు. ఆ మోటారు రొద భరించలేక అన్ని ఆదివారాలూ నేను పక్కింటికి పోయేదాన్ని.

ఆ విమానాన్ని చివరిసారి నడిపిన మనిషి పేరు కాక్‌పిట్ కింద తెల్లటి అక్షరాలతో రాయించారు. ఫ్లైట్ లెఫ్టినెంట్ వెలిచాల నరహరి. ఇంజను ఆగిపోయి, రేడియో పనిచేయక, మెదక్ వైపు చేలల్లో పొట్ట ఆనించి దింపాడు. విమానం దక్కింది, మనిషి దక్కలేదు. ఆ పేరు ఏ సైజు అక్షరాల్లో ఉండాలన్న విషయం మీద మావాళ్లు ఒక ఆదివారమంతా పోట్లాడుకున్నారు. ఆ మనిషి గురించి మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు.

లోహశ్రుతిని విమానం మీద పెట్టాలని నిర్ణయమైంది మా ముందుగదిలోనే. నేను కాఫీలు అందిస్తున్నాను.

"బాగా ఆలోచించుకోండి," అన్నారు మా ఆయన. "రేకుల్లో చివరి ప్రయాణమంతా ఉంది. కానీ ఒక్కసారే వస్తుంది, ఒక్క వరసే వస్తుంది. ఆ తర్వాత విమానం నిలబడుతుంది గానీ, దాని మీద ఎవరూ ఎక్కకూడదు."

"ఇంజను సప్పుడే కావాలె సార్," అన్నాడు సాయన్న. "ఎన్నేండ్లాయె ఆ సప్పుడు ఇనక. సచ్చేలోపట ఒక్కసారి ఇంటె చాలు."

"అంతేనండీ, కలగాపులగం వద్దు," అన్నారు లింగమూర్తి గారు. "గాలి హోరు, రేకుల గలగల, మాటలు, అవన్నీ తీసెయ్యండి. స్వచ్ఛంగా ఇంజను ఒక్కటే వినాలి."

మాటలు అన్నారాయన, అంతమంది ముందు. ఎవరి మాటలు అని అడిగినవాడు ఒక్కడు లేడు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. పకోడీల పళ్లెం తేవడానికి వంటింట్లోకి వెళుతున్న నాకు కూడా ఆ ప్రశ్న తట్టలేదు.

దినోత్సవం నాడు యాప్రాల్ షెడ్డు ముందు షామియానా వేశారు. బెంగుళూరు నుంచి, జామ్‌నగర్ నుంచి కూడా పాత విమానాల అభిమానులు వచ్చారు. మా ఎడమ రేకు మాత్రం ఆ రోజు అక్కడ లేదు. దాని స్క్రూల రంధ్రాలు సాగిపోయి బిగుసుకోవడం లేదని ఇంట్లోనే వదిలేసి, ఆ చోట రంగు వేసిన ప్లైవుడ్ ముక్క తగిలించారు. దూరం నుంచి చూస్తే తెలియదు.

యంత్రం కడ్డీ ముక్కు దగ్గర మొదలై మెల్లగా వెనక్కి జరిగింది. స్పీకర్లలోంచి ముందు ఒక చిన్న ఊళ. అది పెరిగి పెరిగి గర్జన అయింది. నా చేతిలోని గ్లాసులో నీళ్లు కదిలాయి. ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన సెల్యూట్ చేశాడు. లింగమూర్తి గారు కళ్లు మూసుకుని, కచేరీలో తాళం వేసినట్టు తొడ మీద చెయ్యి ఆడిస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు కూడా ఒళ్లు పులకరించింది.

కాసేపటికి ఆ గర్జనలో దగ్గులాంటిది మొదలైంది. ఇంజను ఆగింది. మళ్లీ అందుకుంది. మళ్లీ ఆగింది.

"చూసిండ్రా, మల్ల అంటిచ్చిండు," అని సాయన్న ఏడుస్తూనే చెబుతున్నాడు. "గాలిల అంటిచ్చుడు మజాకనా! అబ్బ, ఏం చెయ్యి! ఇంగో, మల్లొకసారి..."

తర్వాత ఇంజను మళ్లీ రాలేదు. నిశ్శబ్దంగా కడ్డీ తోక దాకా వెళ్లి ఆగింది. అప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మా ఆయన్ని భుజాల మీదకి ఎత్తుకున్నారు. ఆ సంబరంలో విమానం ముక్కు కొద్దిగా కిందికి వాలడం నేనొక్కదాన్నే చూశానేమో.

ఆ రికార్డింగుని లింగమూర్తి గారు ఇంటర్నెట్లో పెట్టారు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో మెచ్చుకుంటూ రాశారు. ఇంజను చప్పుడు ఇంత శుభ్రంగా ఎప్పుడూ వినలేదని అందరిదీ ఒకటే మాట. మా ఆయన ఆ నెలంతా నేల మీద నడవలేదు.

ఒక ఆదివారం పొద్దున మేం ఉప్మా తింటుంటే ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. యాభైకి దగ్గరగా ఉంటుంది. నేత చీర, భుజానికి బట్టసంచి. జగిత్యాల నుంచి వచ్చానని, అక్కడ బడిలో లెక్కల టీచర్నని చెప్పింది.

"నా పేరు హైమవతి సార్. నేను నరహరి గారి బిడ్డను."

ఏ నరహరి అని మా ఆయన అడగబోయి ఆగిపోయారు. నేను కుర్చీ వేసి, ఉప్మా పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు.

"నాన్న పోయిన్నాడు నేను అమ్మ కడుపుల ఉన్న. ఆర్నెల్లట. ఫోటోలున్నయి గని ఆయన మాట మాత్రం ఎక్కడ లేదు. అప్పట్ల ఎవరు రికార్డు చేసిన్రు? అమ్మనే ఆయన లెక్క మాట్లాడి చూపెట్టేది. మాట చివర జెర సాగదీస్తుండెనట. నేను నవ్వుత అని మల్ల మల్ల చేసేది. మొన్న దసరాకు అమ్మ గూడ పోయింది. ఇగ ఆ మాట చేసి చూపెట్టేటోళ్లు గూడ లేరు." సంచి ఒళ్లోకి తీసుకుంది. "ఇంటర్నెట్ల మీ ఇంజను ఇన్న సార్. మొత్తం ఇన్న. మరి నాన్న మాట ఏ భాగంల ఉన్నది?"

మా ఆయన చెంచా పళ్లెంలో పెట్టేశారు.  అంత చదువుకున్న మనిషికి, అంతమంది ముందు చేతులెత్తించి అడిగిన మనిషికి, ఆ సంగతి అప్పుడే తట్టింది.

"తీసేశాం అమ్మా," అన్నారు.

"తీసేసిన్రా? దాచిపెట్టి ఉంటరు గద?"

"లేదమ్మా. ఒక్క వరసే వస్తుంది. మిగతావి పోతాయి."

"ఎందుకు తీసేసిన్రు సార్?"

ఆయన అబద్ధం చెప్పలేరు. యంత్రం అలాంటిదని అనొచ్చు, సాధ్యం కాదని అనొచ్చు. అవేవీ అనలేదు. "ఇంజను బాగా వినబడాలని," అన్నారు.

హైమవతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మంచినీళ్లు అడిగి తాగింది. ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. మా ఆయన మీద, లింగమూర్తి మీద, ఆ షామియానా మీద, నా పకోడీల మీద ఒళ్లు మండిపోయింది.

అప్పుడు మా ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. "ఎడమ రేకు!" అన్నారు. "విశాలా, ఎడమ రేకు మన షెడ్డులోనే ఉంది!"

ఆశ అంత చెడ్డది ఇంకోటి లేదు. నరహరి భుజం పక్కన ఉండే రేకు, ఎవరి మాటైనా ముందు దానికే వినబడాలి, యంత్రం కింద పెట్టనిది అదొక్కటే. చెబుతున్నకొద్దీ మా ఆయన గొంతు పెరిగింది. హైమవతి ఆయన నోటి వంక చూస్తూ ఉండిపోయింది. యంత్రాన్ని మధ్యరకం వరసకి, మగవాళ్లు మాట్లాడే వరసకి, మార్చి సరిచూసుకోవడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. నేనే ఆవిణ్ణి ఇంట్లో ఉండిపొమ్మన్నాను. బడికి ఫోన్ చేసి సెలవు పెట్టుకుంది.

ఆ రోజుల్లో ఆవిడ నాకు బాగా దగ్గరైంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ వాళ్లమ్మ చేసి చూపించే గొంతు నాకూ చేసి చూపించింది. "అన్నం పెడ్తవాఆ?" అని చివర్న సాగదీసి, తనే నవ్వేసింది. తల్లి నోటితో తండ్రిని, ఇప్పుడు తన నోటితో తల్లిని. అలా చెయ్యి మారి చెయ్యి మారి ఆ గొంతులో ఆ మనిషిది ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఆవిడకీ తెలియదు. అందుకే వచ్చింది.

కబురు తెలిసి సాయన్న వచ్చాడు. చెప్పులు విప్పి షెడ్డులోకి వెళ్లి రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"సార్, గీ రేకు మీద మీరు ఎన్నిసార్లు బఫింగు పెట్టిన్రు?"

"పెట్టానులే. అయితే ఏం?"

"బఫింగు పెడితె గూడ రేకు వణుకుతది గద సార్. యేడెక్కుతది గూడ."

"జెట్ ఇంజను వణుకు ముందు బఫింగు వణుకు ఏపాటిదయ్యా!" అని కసిరారు మా ఆయన. సాయన్న రేకు మీంచి చెయ్యి తీసి చెప్పులు వేసుకున్నాడు. నలభై ఏళ్లు లోహాలతో బతికిన మనిషికి సాయన్న చెప్పింది తెలియక కాదు. తెలుసుకోవాలని లేదు, అంతే. వరండాలో కూర్చున్న హైమవతి ముఖం చూశాక నాకూ తెలుసుకోవాలనిపించలేదు.

రేకు చదివిన రోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక అందరం షెడ్డులో చేరాం. హైమవతి తలస్నానం చేసి వచ్చింది. సాయన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు. మా ఆయన ఎదురుగా మీట దగ్గర కూర్చున్నారు. కడ్డీ కదిలింది.

ముందు చాలాసేపు సొయ్యిమని ఒక రొద. తర్వాత దానిలోంచి మగగొంతు తేలింది. మెత్తగా, దగ్గరగా, చెవిలో చెబుతున్నట్టు ఉంది.

"ఓర్చుకో తల్లీ... ఐపోయింది, ఇంకాస్తే... నొప్పిగా ఉందా? నేనున్నాగా, నీకెందుకు భయం... ఈ సొట్ట పోతే నిన్ను మించినవాళ్లు లేరు... బంగారు తల్లివి కదూ..."

హైమవతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నాన్న," అంది.

అది నరహరి కాదు. అది నా మొగుడు.

నలభై ఏళ్ల వయసులోని గొంతు. ఇప్పటి జీర లేదు, దగ్గు లేదు. అయినా నాకు తెలియదా? ఆదివారాలు మోటారు రొదకి నేను పక్కింటికి పారిపోతే, ఇక్కడ ఈయన ఒంటరిగా రేకుతో మాట్లాడుకున్నారు. సొట్ట తీస్తూ, మెరుగు పెడుతూ, బతిమాలుతూ, ముద్దు చేస్తూ. బఫింగు కింద వెచ్చబడి వణికిన రేకు ఆ మాటలు విని దాచుకుంది. కింది ముడతల్లో ఉన్న నరహరి మాట ఈయన ప్రేమకి అరిగిపోయింది.

సాయన్న తల దించుకున్నాడు. మా ఆయన మీట మీద చెయ్యి అలాగే ఉంచి బొమ్మలా కూర్చున్నారు.

నాకు ఏమనిపించిందో చెబుతాను, సిగ్గుపడను. అసూయ కలిగింది. కిరణ్ పుట్టినప్పుడు నేను ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడ్డాను. ఈయన తలుపు దగ్గర నిలబడి "డాక్టరు వస్తోంది" అని మాత్రం అన్నారు. మా నాన్న పోయినప్పుడు రైలు టిక్కెట్టు తెచ్చి చేతిలో పెట్టారు. చెడ్డవాడు కాదు. మాటలు లేని మనిషని సర్దుకున్నాను, అందరికీ అలాగే చెప్పాను. కిరణ్ కూడా అలాగే అనుకుని దూరమయ్యాడు. మాటలు లేకపోవడం కాదని, అవన్నీ ఇక్కడ ఖర్చయిపోయాయని ఆ మధ్యాహ్నం తెలిసింది.

కాసేపటికి గొంతు ఆగి రొద మిగిలింది. పై ముడతలు విప్పాక కింది ముడతలు రావాలి. కడ్డీ చివరి అంచు దాకా వెళ్లింది. ఏమీ రాలేదు. రేకు బిగింపుల్లోంచి తడిబట్టలా జారి వేలాడింది.

హైమవతి నన్ను కౌగిలించుకుంది. వెక్కుతూ నవ్వుతోంది. "ఇన్నరా అమ్మా? నాతోనే మాట్లాడిండు. నేను కడుపుల ఉన్ననని తెలుసు గద ఆయనకు. పాణం పోతున్నా నాకు ధైర్యం చెప్పిండు. అమ్మ చెప్పినట్టే, చివర సాగదీస్తుండు!"

నేను ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయాను.

ఇంట్లోకి వచ్చాక ఆవిడ మొదటిసారి ఆకలిగా ఉందని అడిగి పెరుగన్నం తింది. అమ్మ సంవత్సరీకానికి అందరికీ ఇది వినిపిస్తానంది. పెన్‌డ్రైవులో వేయించుకుని సంచిలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకే వెళతానంది. ఆవిడ ముఖంలో చిన్నపిల్ల కనబడింది.

నేను మా ఆయన్ని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేశాను. "నోరు విప్పారంటే ఊరుకోను," అన్నాను. "తీసుకుపోనివ్వండి. ఎవరికి నష్టం?"

"తప్పు రీడింగు అది విశాలా."

"జీవితంలో ఒక్క తప్పు రీడింగు ఇవ్వండి. మీ చేతులతో తండ్రిని చెరిపేశారు. ఇంకో తండ్రిని ఇచ్చారనుకోండి."

"సంవత్సరీకానికి వినిపిస్తుందట. సొట్ట అన్న మాట ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు ఆవిడ ఒంటరిగా ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు." ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఇప్పుడైతే మనమున్నాం."

తలుపు తీశాను. దారి వదిలాను.

ముందుగదిలో ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పేశారు. అటూ ఇటూ తిప్పకుండా, పరీక్ష ఫలితం చదివినట్టు. ఆ గొంతు నాది. మెరుగు పెట్టేటప్పుడు పడింది. మీ నాన్నగారి మాట నా చేతులతోనే పోయింది. ఇక ఏ రేకులోనూ లేదు.

హైమవతి సంచి సర్దుకుంటున్నదల్లా ఆగింది. నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు ముఖం మీదే ఉండిపోయింది.

"మరి ఎవరితోని మాట్లాడిన్రు సార్?"

"రేకుతో."

"రేకుతోనా?"

"అవునమ్మా."

ఆవిడ సంచి పక్కన పెట్టింది. తిడితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. తిట్టలేదు. లేచి వచ్చి మా ఆయనకి బాగా దగ్గరగా నిలబడింది.

"ఒక్కసారి నన్ను చూసుకుంట అనున్రి సార్. గా మాటనే. ఓర్చుకో తల్లీ అని. మా నాన్న కాదని నాకు ఎరుకే. ఐనా ఎవరో ఒకరు మనిషి నోటితోని అంటె, నేను గదే యాద్ పెట్టుకుంట. నాకు గంతే చాలు."

మా ఆయన నోరు తెరిచారు. పెదవులు కదిలాయి. నేను గోడకి ఆనుకుని, అనండి, అనండి అని లోపల కేకలు పెడుతున్నాను. ఆవిడ కోసమే కాదు, నాకూ వినాలని ఉంది.  ఆవిడ ముఖం వైపు చూడలేక ఆయన చూపు కిటికీలోంచి షెడ్డు వైపు జారింది. మళ్లీ ప్రయత్నించారు. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

హైమవతి ఎదురుచూసింది. చాలా ఓపిగ్గా, బడిలో పలక పట్టుకుని నిలబడ్డ పిల్ల జవాబు కోసం టీచరు చూసినట్టు చూసింది. తర్వాత మెల్లగా తల ఊపింది.

"పోనీ తీయిన్రి సార్," అంది.

ఆటో దాకా నేను వెళ్లాను. సాయన్న జూబ్లీ బస్టాండులో దింపి వస్తానని ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ ఎక్కబోతూ ఆగి, సంచిలోంచి పెన్‌డ్రైవు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది మీ ఇంటాయన గొంతు అమ్మా. నేనేం చేసుకోను? మీరే ఉంచుకోన్రి."

మళ్లీ ఆవిడ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా ఆయన లోహశ్రుతిని ముక్కలు చేసి తుక్కువాడికి వేసేశారు. మండలికి వెళ్లడం మానేశారు. యాప్రాల్‌లో విమానం మొన్నటి గాలివానకి నడుం విరిగి కూలిపోయిందని సాయన్న చెబితే, ఊఁ అని ఊరుకున్నారు. పగలంతా వరండాలో కూర్చుంటారు. ఇంట్లో మాట అనేది వినబడదు.

పాలకనో, మందులకనో ఆయన బయటికి వెళ్లినప్పుడు నేను తలుపు వేసుకుని ఆ పెన్‌డ్రైవు పెట్టుకుంటాను. ఓర్చుకో తల్లీ, నేనున్నాగా, నీకెందుకు భయం అంటుంది ఆ గొంతు. అవి నాతో అన్న మాటలు కావని నాకు తెలుసు. అయినా కళ్లు మూసుకుని వింటాను. ఆయన గేటు తీసిన చప్పుడు కాగానే ఆపేస్తాను.